పాత దుబాయిలో ఒక ఉదయం

(ఎమిరేట్స్‌లో జరిగిన తెలుగు సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగం)



ముందుగా ఒక క్షమాపణ. నాది సాయంత్రపు తరగతి తెలుగు. మలేషియాలో పేరాక్ రాష్ట్రపు రబ్బరు తోటలో పుట్టిన మూడో తరం వాణ్ణి. పగలు ఇంగ్లీషు, మలయ్ చదువులు. సాయంత్రం ఆరు దాటాక, తోట గుడి పక్కన రేకుల షెడ్డులో, మా పెద్దలు పెట్టిన తరగతిలో పెద్దబాలశిక్ష పట్టుకుని ఓనమాలు దిద్దాను. తరువాత ముప్పయి మూడేళ్ళు ప్రభుత్వ పాఠశాలలో చరిత్ర, భూగోళం బోధించాను. ఆ ముప్పయి మూడేళ్ళూ సాయంత్రాలు తెలుగు చెప్పాను. అందుచేత నా మాటలలో పుస్తకం వాసన వేస్తే మన్నించండి. మధ్యలో తోట యాస దొర్లితే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

నిర్వాహకులు నన్ను "యాత్రా విశేషాలు" మాట్లాడమన్నారు. సాధారణంగా యాత్ర అంటే రోము, లండను, పారిస్ నగరాలు. రోము వెళ్ళొచ్చిన మా మిత్రుడొకరు, నేను దుబాయి వెళుతున్నానని తెలిసి, "అక్కడ చూడటానికి పాతదేముందయ్యా మాస్టారూ? కొలోసియం కట్టి పంతొమ్మిది వందల ఏళ్ళు దాటింది. దుబాయిలో లిఫ్టు ఎక్కి దిగడమే కదా!" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మాయి షార్జాలో కాపురం ఉంటున్నది. వాళ్ళింటికి వచ్చిన మొదటి వారం అందరిలాగే ఎత్తయిన భవనాలు చూశాను, మెడ నొప్పి పుట్టింది. రెండో ఆదివారం మా అమ్మాయి, "నాన్నా, మీరు చరిత్ర మాస్టారు కదా, పాత ఊరు చూద్దాం రండి" అని, తొమ్మిదేళ్ళ మనవణ్ణి కూడా లేపి, తెల్లవారేసరికి కారెక్కించింది. ఆ ఒక్క ఉదయం ముచ్చటే ఈనాటి నా ప్రసంగం.

దుబాయి నగరం ఒక సముద్రపు పాయకు అటూ ఇటూ పుట్టింది. ఆ పాయను అరబ్బీలో ఖోర్ అంటారు, ఇంగ్లీషులో క్రీక్. పడమటి ఒడ్డు బర్ దుబాయి, తూర్పు ఒడ్డు డేరా. ముందుగా బర్ దుబాయి వైపున ఉన్న అల్ ఫహీదీ కోట దగ్గర ఆగాం. 1787 ప్రాంతంలో కట్టినదంటారు. నేడు దుబాయిలో నిలిచి ఉన్న కట్టడాలలో అన్నిటికంటె పాతది ఇదేనని చెబుతారు. గోలకొండ చూసిన కళ్ళకు ఇది కోటలా కనిపించదు, పెద్ద రైతు ఇంటి ప్రహరీలా ఉంటుంది. కాని దీన్ని దేనితో కట్టారో తెలిస్తే గౌరవం కలుగుతుంది. ఇక్కడ కొండరాయి దగ్గరలో లేదు. సముద్రం అడుగునున్న పగడపు దిబ్బల నుంచి రాయి కోసి తెచ్చి, సున్నంతో అతికి గోడలు లేపారు. ఏలికల నివాసంగా, ఆయుధశాలగా, చెరసాలగా ఉండి, 1971లో మ్యూజియం అయింది. మేము వెళ్ళిన రోజున మరమ్మతుల నిమిత్తం మూసి ఉన్నది. మావాడు తలుపు సందులోంచి తొంగిచూసి, "తాతయ్యా, లోపల ఏమీ లేదు" అన్నాడు. వాడి లెక్కన ఫోనులో కదలనిది ఏమీ లేనట్టే.

కోట దాటి నాలుగడుగులు వేస్తే ఒక పేట వస్తుంది. పాత పేరు బస్తకీయా. ఇప్పుడు అల్ ఫహీదీ చారిత్రక పేట అని పిలుస్తున్నారు. పర్షియా దేశంలో బస్తక్ అనే ఊరి నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్ళు ఇవి. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట, అటువైపు లింగా రేవులో సుంకాలు పెరిగాయి. ఇటువైపు దుబాయి ఏలిక షేక్ మక్తూమ్ బిన్ హషర్ సుంకాలు ఎత్తివేసి వర్తకులను ఆహ్వానించారు. వారు వచ్చి స్థిరపడ్డారు. కొత్త ఊరికి పాత ఊరి పేరు పెట్టుకున్నారు. వలసపోయిన మనిషి ఎక్కడైనా చేసే మొదటి పని అదే కదా!

ఆ సందులలో నడిస్తే ఎండ తగలదు. సందులు కావాలనే ఇరుకుగా వేశారు, ఒక గోడ నీడ రెండో గోడ మీద పడేటట్లు. ప్రతి పెద్ద ఇంటి మీదా ఒక చదరపు గోపురం. దాన్ని బర్జీల్ అంటారు, గాలి గోపురం అన్నమాట. నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. లోపల గుణకారం గుర్తులాగా అడ్డగోడలు ఉంటాయి. సముద్రం మీద నుంచి గాలి ఏ దిక్కున వచ్చినా ఒక ముఖం దాన్ని పట్టి కింది గదిలోకి దించుతుంది. వేడి గాలి అవతలి వైపు నుంచి పైకి పోతుంది. కరెంటు లేని కాలంలో ఇదే వారి చల్లదనం. గోపురాలకు, పైకప్పులకు వాడిన దుంగలు తూర్పు ఆఫ్రికా మడ అడవుల నుంచి వచ్చాయి. తలుపుల టేకు మన దేశం నుంచి వచ్చింది. మధ్యలో ఆకాశం కనిపించే నడవ, చుట్టూ గదులు. అది చూడగానే మా అమ్మాయి, "గోదావరి జిల్లాలో మనం చూసిన మండువా ఇల్లులా ఉంది నాన్నా" అన్నది. నిజమే. ఇద్దరికీ వేసవి గురువు.

ఇంతవరకు ఏ యాత్రికుడైనా చెప్పగలడు. నేను చెప్పదలచినది తరువాతి సంగతి.

ఈ పేట ఇవాళ ఉండవలసింది కాదు. చమురు 1966లో బయటపడింది, 1969లో ఎగుమతి మొదలయింది. పాత వర్తక కుటుంబాలు ఏసీలున్న కొత్త ఇళ్ళకు తరలిపోయాయి. 1980లలో సగం పేటను కొత్త కార్యాలయాల కోసం పడగొట్టారు. మిగిలిన సగంలో కొన్ని ఇళ్ళు గోదాములయ్యాయి, కొన్నింటిలో విదేశాల నుంచి వచ్చిన పనివాళ్ళు కాపురం ఉన్నారు. 1989లో ఆ సగాన్ని కూడా తొలగించాలని నిర్ణయం జరిగింది. అప్పుడు ఆ పేటలోనే ఒక పాత ఇల్లు బాగుచేసుకుని ఉంటున్న రేనర్ ఓటర్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి ఊరుకోలేదు. ఆ సంవత్సరం దుబాయికి రానున్న బ్రిటిష్ యువరాజు ఛార్లెస్‌కు, అంటే నేటి బ్రిటన్ రాజుకు, ఉత్తరం రాశాడు. యువరాజు వచ్చి ఆ సందులలో తిరిగి, వీటిని కాపాడితే బాగుంటుందన్నారు. కూల్చివేత ఆగింది. తరువాతి కాలంలో నగరపాలకులే శ్రద్ధ తీసుకుని ఒక్కొక్క ఇల్లూ బాగుచేయించారు.

అయ్యా, పగడపు రాయి గట్టి రాయి కాదు.  ఆ ఇళ్ళు నిలిచింది, వేళ మించకముందే ఒకరు అడిగినందువల్ల. ఈ మాట అక్కడ నిలబడి మా మనవడికి పాఠంలాగా చెబుతున్నాను. పంతులు బుద్ధి కదా, రిటైరయినా పోలేదు. నా పాఠం ఎవరికి చేరిందో చూడండి.

వెనక నుంచి ఒక గొంతు, "సార్, మీరు తెలుగోళ్ళా?" అన్నది. చూస్తే కాపలా ఉద్యోగి. యూనిఫారం వేసుకున్నాడు, నలభై ఏళ్ళు ఉంటాయి. నాకు సంతోషం పట్టలేదు. సాయంత్రపు తరగతి తెలుగంతా కూడగట్టుకుని, "అవునండీ, తమరి స్వస్థలం ఎక్కడ?" అని అడిగాను. అతను పక్కున నవ్వాడు. "తమరు అనకున్రి సార్, నేను మెట్‌పల్లి దిక్కు మనిషిని" అన్నాడు. అంటే నేటి జగిత్యాల జిల్లా. పదకొండేళ్ళయిందట వచ్చి. రెండేళ్ళకొకసారి ఇంటికి పోతాడు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఇంటర్ చదువుతున్నది. కరీంనగర్ ప్రాంతంలో బతుకుతెరువుకు మూడు దారులని ఒక నానుడి ఉన్నదని అతనే చెప్పాడు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. వాళ్ళ నాయన బొంబాయి పోయాడు, ఇతను దుబాయి వచ్చాడు. "మా బిడ్డ అడుగుతది సార్, దుబాయిల ఏం జూసినవ్ బాపూ అని. గీ గోడలు జూసిన బిడ్డా అంట" అన్నాడు.

తరువాత అతను నన్నడిగాడు: "మీదే ఊరు సార్?"

"మలేషియా" అన్నాను.

"అది గాదు సార్. అసలు ఊరు. మీ తాత ఏ ఊరాయన?"

సభాసదులారా, నేను తెల్లబోయాను. నా దగ్గర సమాధానం లేదు. చరిత్ర పంతుల్ని. మెలాకా సుల్తానుల వరస తడుముకోకుండా చెబుతాను. శాతవాహనుల నుంచి కాకతీయుల వరకు సాయంత్రపు పిల్లలకు వల్లె వేయించాను. మా తాత ఏ ఊరి నుంచి వచ్చాడో నాకు తెలియదు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక కాగితం మీద "విశాఖపట్నం జిల్లా" అని మాత్రం ఉన్నది. ఆ రోజులలో విశాఖపట్నం జిల్లా అంటే నేటి శ్రీకాకుళం, విజయనగరం కూడా అందులోనివే. శ్రీకాకుళం 1950లో విడిపోయింది. అంటే ఆ కాగితం చెప్పేది సముద్రంలో చుక్క. మా తాత నాకు పన్నెండేళ్ళు వచ్చేవరకు బతికే ఉన్నాడు. రోజూ సాయంత్రం, షెడ్డులో తెలుగు చదువుకుని వచ్చి ఆయన పక్కనే పడుకునేవాణ్ణి. 'క' గుణింతం అప్పజెప్పేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. ఒక్కసారి కూడా, "తాతా, మన ఊరి పేరేమిటి?" అని అడగలేదు.

ఆ కాపలా సోదరుడు నా ముఖం చూసి మాట మార్చాడు. మర్యాదస్థుడు. "పోనియ్యున్రి సార్, తెలుగు మాట్లాడుతున్రు గదా, గదే సాలు" అన్నాడు. నేను జేబులోంచి చిన్న పుస్తకం తీసి అతని ఊరి పేరు అడిగి రాసుకున్నాను. "మా ఊరు రాసుకుని ఏం జేస్తరు సార్?" అన్నాడు. "ఏమో బాబూ, రాసుకోవాలనిపించింది" అన్నాను.

అక్కడి నుంచి పాయ ఒడ్డునే పాత బట్టల బజారుకు నడిచాం. పైన చెక్క కప్పు, కింద వరసగా దుకాణాలు, సింధీ, గుజరాతీ వర్తకులు తరాల నుంచి వ్యాపారం చేస్తున్న చోటు. ఒక మూల పాత సామాన్ల కొట్టు ఉంది. ఇత్తడి బిందెలు, తాళాలు, అద్దాల పెట్టెలో పాత నాణేలు, నోట్లు. మావాడు నోట్ల దగ్గర ఆగిపోయాడు. భారత రిజర్వు బ్యాంకు వారి పాత పది రూపాయల నోటు ఒకటి వెనక్కి తిప్పి పెట్టి ఉన్నది. దాని మీద తెరచాప ఎత్తిన ఓడ బొమ్మ. అటువంటి ఓడలే పది గజాల అవతల పాయలో ఉన్నాయి. బొమ్మ చూసి ముచ్చటపడ్డవాడు, పక్కన ఉన్న చిన్న చిన్న అక్షరాల వరస మీద వేలు పెట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అమ్మాయి వాణ్ణి వారానికి రెండు సాయంత్రాలు తెలుగు తరగతికి పంపుతుంది. వాడికి ససేమిరా ఇష్టం లేదు. "తాతయ్యా, ఈ అక్షరాలు బయట ఎక్కడా లేవు కదా, ఎందుకు నేర్చుకోవాలి?" అని వచ్చిన రోజునే నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. బోర్డుల మీద అరబ్బీ, ఇంగ్లీషు. బడిలో ఇంగ్లీషు. నేను ఏవో పెద్ద మాటలు చెప్పాను, వాడు వినలేదు.

ఇప్పుడు వాడే అద్దం మీద ముక్కు ఆనించి, "ప... ది..." అని కూడబలుక్కున్నాడు. ఆగి, మళ్ళీ చూసి, "పది! తాతయ్యా, పది అని ఉంది! మన తెలుగు!" అని అరిచాడు. కొట్టు యజమాని ఉలిక్కిపడ్డాడు.

మీలో పిన్నలకు తెలియకపోవచ్చు, వివరిస్తాను. ఈ తీరంలో చాలాకాలం చెల్లిన డబ్బు మన రూపాయే. ముత్యాల వ్యాపారం బొంబాయితో, బియ్యం, బట్ట, కలప ఇండియాతో. దుబాయిలో మొదటి తపాలా కార్యాలయం 1909లో తెరిచినప్పుడు అది భారత తపాలా శాఖదే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమే ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి ముద్రించింది. 1966లో రూపాయి విలువ తగ్గించేవరకు ఇక్కడ అదే చెల్లింది. ఏడు ఎమిరేట్లు కలిసి ఒక దేశంగా ఏర్పడడం 1971లో మొదలై 1972లో పూర్తయింది. ఇప్పటి దిర్హాం 1973లో వచ్చింది. ఇక నోటు వెనుక భాషల వరస బ్రిటిష్ వారి కాలం నుంచీ ఉన్నది. ఐదవ జార్జి, ఆరవ జార్జి బొమ్మల నోట్ల మీద ఎనిమిది లిపులుండేవి. అందులో తెలుగు ఒకటి. అంటే, మనవాళ్ళు బతుకుతెరువు కోసం వేలుగా ఇక్కడికి రావడానికి ఎంతో ముందే, మన అక్షరాలు ముత్యాల వర్తకుల జేబులలో ఈ సందుల వెంట తిరిగాయి. వాటిని చదివిన కన్ను ఒకటైనా ఆ రోజులలో ఇక్కడ ఉన్నదో లేదో! ఆ ఆదివారం మాత్రం ఒకటి ఉన్నది.

యజమాని చెప్పిన ధర పంతులు పెన్షనుకు అందేది కాదు, అందుచేత కొనలేదు. మావాడు నా చేతిలోని పుస్తకం లాక్కుని, ఆ అక్షరాలు చూసి చూసి దించుకున్నాడు. పైపేజీలో కాపలా సోదరుడి ఊరు, కింద "పది". ఆ పుట మీకు చూపిద్దామని తెచ్చాను కాని, సభ ముగిశాక చూపిస్తాను. ఇప్పుడు చూపిస్తే వాడు సిగ్గుపడి లేచిపోతాడు. మూడో వరసలో ఉన్నాడు.

బజారు చివర పడవ రేవు. ఇక్కడి పడవను అబ్రా అంటారు. మధ్యలో బల్ల, ఇరువైపులా జనం, చుట్టూ కటకటాలేమీ లేవు. మేమెక్కిన రోజున మనిషికి ఒక దిర్హాం. దేశమంతా కార్లలో తిరుగుతుంటే, పనివాళ్ళు, గుమాస్తాలు, మావంటి యాత్రికులు పక్కపక్కన కూర్చుని దాటే చోటు ఇది. ఈ పాయ కూడా తనంత తాను ఇలా లేదు. ఇసుక మేటవేసి ఓడలు రాలేని పరిస్థితి వచ్చింది. షేక్ రషీద్ 1958లో ఏలికై, కువైట్ నుంచి అప్పు తెచ్చి, పూడిక తీయించి లోతు చేయించారు. అది 1961 నాటి మాట. అప్పటికి చమురు లేదు. చమురు దొరికాక ఊరు పెరిగిందనుకుంటాం. నిజానికి అప్పు చేసి పాయ తవ్విన నాడే పునాది పడింది.

నీటి మీద ఉన్నది అయిదారు నిమిషాలే. నా మనసు మాత్రం మా తాత దిగిన రేవుకు పోయింది. మలయాకు వచ్చిన మనవాళ్ళను పినాంగు రేవులోకి నేరుగా దిగనిచ్చేవారు కాదు. ఎదురుగా ఉన్న పులావ్ జెరెజాక్ అనే దీవిలో క్వారంటైనులో ఉంచేవారు. తరువాత తోటలకు పంచిపెట్టేవారు. మా తాతను కంగాణీ తీసుకువెళ్ళాడని, దీవిలో జుట్టు కత్తిరించారని, ఆ అవమానం ఆయన మరువలేదని మా నాయనమ్మ చెప్పేది. ఆ దీవి మా ఊరికి కొన్ని గంటల దూరం. నేను ఎన్నడూ వెళ్ళి చూడలేదు! వేల మైళ్ళు వచ్చి పరాయి వారి పాత ఇళ్ళు చూస్తున్నాను. మేమున్న తోట లైన్లు, అంటే కూలీల వరస ఇళ్ళు, నేలమట్టమై అక్కడ కొత్త ఇళ్ళ కాలనీ వెలిసింది. ఒక్క ఫొటో తీసినవాడు లేడు. నేనూ తీయలేదు. ఆ తోటలో బస్తకీయాకు దొరికినటువంటి మనిషి మాకు దొరకలేదని ఎవరిని తప్పుపట్టను? ఆ ఊళ్ళో చదువుకున్న వాణ్ణి నేనే.

మారిషస్ సోదరులు ఈ విషయంలో మాకంటె ముందున్నారు. పోర్ట్ లూయీ రేవులో 1849లో ఏర్పడిన వలస కూలీల డిపో శిథిలాలను ఆప్రవాసీ ఘాట్ పేరిట కాపాడుకున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు అక్కడి తెలుగువారిని కోరంగీలనేవారు. ఆ పేరైనా వారి రేవును వారికి గుర్తుచేస్తూ వచ్చింది. దక్షిణాఫ్రికా వారికి 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడ తెలుసు. మా మలేషియా వారికి? మా ఇంటికి? ఒక కాగితం, ఒక జిల్లా పేరు.

డేరా ఒడ్డున దిగి, మసాలా దినుసుల బజారు దాటి, అల్ అహ్మదీయా పాఠశాల వద్దకు వెళ్ళాం. పంతులు కాళ్ళు బడి వైపే లాగుతాయి. 1912లో అహ్మద్ బిన్ దల్మూక్ అనే ముత్యాల వర్తకుడు స్థాపించినది. దుబాయిలో క్రమపద్ధతిలో నడిచిన బడులలో ఇదే మొదటిదని చెబుతారు. పిల్లలు పెరిగి చోటు చాలక 1960లలో బడి వేరే చోటికి మారింది, కట్టడాన్ని మాత్రం తరువాత బాగుచేసి నిలబెట్టారు. ఆ వర్తకుడి వ్యాపారం ఏమైంది? మనవాళ్ళు బస్రా ముత్యాలని పిలుచుకుని హైదరాబాదులో కొనుక్కున్నవి ఈ సముద్రపువే. జపాను వారు పెంపుడు ముత్యాలు తయారుచేయడం నేర్చారు. 1929లో ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వచ్చింది. రెండు దెబ్బలకూ ముత్యాల వ్యాపారం కుప్పకూలి, ఈ తీరం పస్తులున్నది. కాని ఆ ముత్యాల డబ్బుతో కట్టిన బడి ముందు నేను, నా మనవడు నిలబడి ఉన్నాం. మా తోట గుడి పక్క రేకుల షెడ్డు గుర్తుకొచ్చింది. దాన్ని కూడా కూలీలు జీతంలోంచి తలా కొంత వేసుకుని లేపారు.

ఇంటికి చేరాక ఆ రాత్రే తెలుక్ ఇంతాన్‌లో ఉన్న మా మేనత్తకు ఫోను చేశాను. ఆమెకు తొంభై ఒకటో ఏడు. మా తాత పిల్లలలో మిగిలింది ఆమె ఒక్కతే. "అత్తా, తాత ఊరి పేరు నీకేమైనా గుర్తుందా?" అని అడిగాను. "ఇన్నాళ్ళకు అడిగావా?" అన్నది. చాలాసేపు మాట్లాడలేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. తరువాత నెమ్మదిగా, "పేరు ముందు సగం పోయిందిరా. చివర మాత్రం 'వలస' అని ఉండేది. ఏదో వలస. ఊరి బయట చెరువు, గట్టు మీద తాటిచెట్లు అని మీ తాత చెప్పేవాడు" అన్నది.

ఉత్తరాంధ్రలో 'వలస' అని ముగిసే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. రైల్వే స్టేషను వల్ల అందరికీ తెలిసినది ఆమదాలవలస. ఎక్కడి నుంచో కదలివచ్చిన వారు పెట్టుకున్న ఊళ్ళు కనుక ఆ పేరు. చెరువు లేని ఊరు, తాటిచెట్టు లేని గట్టు అక్కడ ఉండవు. కనుక మా ఊరు దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. అయినా నిన్నటివరకు జిల్లా ఉన్నది, ఈనాడు సగం పేరు ఉన్నది. మేనత్త ఉండగానే అడిగాను కనుక ఆ సగమైనా దక్కింది. మరో ఏడాది ఆగి ఉంటే?

ఇక మీకు నా మనవి మూడు మాటలలో చెప్పి ముగిస్తాను.

మొదటిది. రేపు సెలవు కదా, మీ పిల్లలను తీసుకుని ఈ దారిన నడవండి. ఎండ ముదరకముందే బయలుదేరండి. కోట, బస్తకీయా సందులు, బట్టల బజారు, అబ్రా, డేరా బడి. చెప్పులు మెత్తనివి వేసుకోండి. తిన్నగా నడిస్తే రెండున్నర గంటలు, పిల్లలతో నాలుగు.

రెండవది. ఆ దారిలో మీకు తెలుగువాడు తప్పక తగులుతాడు, కాపలా దగ్గరో, పడవ దగ్గరో, చీపురు పట్టుకునో. ఫొటోలో అడ్డం వచ్చాడని పక్కకు జరగమనకండి. పలకరించండి, ఊరి పేరు అడగండి. వందేళ్ళ కిందట రబ్బరు తోటలో, చెరకు తోటలో మన తాతను ఎవరైనా ఆ మాట అడిగి రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేదో మనకంటె తెలిసినవారు లేరు.

మూడవది. ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో అందరికంటె పెద్దవారి దగ్గర కూర్చోండి. ఎవరు వచ్చారు, ఏ ఊరి నుంచి, ఏ రేవులో ఎక్కి ఏ రేవులో దిగారు, ఎవరిని వదిలి వచ్చారు, మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఈ అయిదు ప్రశ్నలు అడిగి ఒక పుట రాయండి. తెలుగులో రాయగలిగితే తెలుగులో. రాకపోతే వచ్చిన భాషలోనే రాసి, ఊరి పేరు మాత్రం తెలుగు అక్షరాలలో రాయండి. అక్షరాలు రాకపోతే సాయంత్రపు తరగతికి రండి. వచ్చే ఉత్సవానికి ఆ పుటలన్నీ కలిపి ఒక సంచిక వేయవలసిందిగా నిర్వాహకులకు నా విజ్ఞప్తి. మొదటి పుట నేను ఇస్తాను. అందులో ఊరి పేరు దగ్గర సగం ఖాళీ ఉంటుంది. ఉండనివ్వండి.

 పుస్తకం చూడదలచిన వారు సభ తరువాత నా దగ్గరకు రండి. 'పది' రాసినవాణ్ణి కూడా పరిచయం చేస్తాను.